షుగర్ అంటున్నారు, నాకేమో ఏ బాధా లేదు!

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఆఫీసులో చేయించిన చెకప్‌లో పరగడుపున షుగర్ 148, హెచ్‌బీఏ1సీ 7.4 వచ్చాయి. టైప్ 2 డయాబెటిస్ అని డాక్టరు మెట్‌ఫార్మిన్ రాశారు. నేను స్వీట్లు పెద్దగా తినను. అతి దాహం, మాటిమాటికీ మూత్రం అస్సలు లేవు. కాస్త నీరసంగా ఉంటే వయసు అనుకున్నా. కళ్లజోడు నంబరు ఏడాదిలో రెండుసార్లు మారింది, అది వేరే సంగతి లెండి. మాత్రలు మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందేనట కదా, ఆరు నెలలు డైట్‌తో చూడనా?
- ఒక పాఠకురాలు

జవాబు: వేరే సంగతి కాకపోవచ్చు. షుగర్ ఎక్కుతూ దిగుతూ ఉంటే కంటి లెన్స్‌లోకి నీరు చేరి దాని ఆకారం మారుతుంది, చూపు కొన్నాళ్లు ఒకలా, కొన్నాళ్లు ఇంకోలా ఉంటుంది. కాబట్టి షుగర్ అదుపులోకి వచ్చేదాకా మళ్లీ కొత్త అద్దాలు కొనకండి, దండగ. నీరసం కూడా ఈ ఖాతాలోదే కావచ్చు.

మరి దాహం ఎందుకు లేదంటే, రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటాకే కిడ్నీలు దాన్ని మూత్రంలోకి వదలడం మొదలుపెడతాయి, దాంతోపాటు నీళ్లూ పోతాయి కాబట్టి అప్పుడు దాహం వేస్తుంది. మీ హెచ్‌బీఏ1సీ 7.4 అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు 166 దగ్గర. చాలామందిలో ఇలాగే ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉంటుంది. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 వస్తే షుగర్ ఉన్నట్టే, మీకు రెండూ దాటాయి.

స్వీట్లు తినను అని దాదాపు అందరూ చెప్తారు! అసలు గొడవ ఇన్సులిన్‌ది, అంటే రక్తంలోని గ్లూకోజ్‌ని అదుపులో ఉంచే హార్మోన్‌ది. పొట్ట చుట్టూ, లివర్‌లో కొవ్వు చేరడం, రోజంతా కూర్చునే ఉండటం, అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉండటం, ఇలాంటివాటివల్ల శరీరం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. పాంక్రియాస్ కొన్నేళ్లు ఎక్కువెక్కువ తయారుచేసి నెట్టుకొస్తుంది, దానికీ ఓపిక అయిపోయాక అంకెలు బయటపడతాయి. రాత్రంతా ఏమీ తినకపోయినా పొద్దున 148 ఎలా వచ్చిందంటారా? లివర్ రాత్రిపూట కూడా గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది, ఇక చాలు అని ఇన్సులిన్ చెప్తున్నా వినదు. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా పనిచేసేది అక్కడే.

అది మనల్ని కట్టిపడేసే మందు కాదండీ. కొత్తలోనే బాగా బరువు తగ్గి, మాత్రలు మానేసినా 6.5 లోపే ఉంటున్నవాళ్లున్నారు, కాకపోతే మానడం మీరూ డాక్టరూ కలిసి తేల్చుకోవాల్సిన విషయం. డైటూ మాత్రా కలిపే మొదలుపెట్టండి. మొదట్లో కడుపులో తిప్పినట్టుంటే భోజనంతోపాటు వేసుకోండి, చాలామందికి సర్దుకుంటుంది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి, పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటుంది.

లక్షణాల్లేవని కంటి రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీలు దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రొటీన్) పరీక్ష వాయిదా వేయకండి, ఇప్పుడే చేయించి ఆపైన ఏటా చేయించుకోండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే గాయమైనా తెలియదు, అందుకే రాత్రి పడుకునేముందు అరికాళ్లు చూసుకోండి, వంగలేకపోతే కింద అద్దం పెట్టుకుని అయినా సరే. నడుస్తుంటే చెప్పు జారిపోయిన సంగతి కూడా తెలియడం లేదంటే వచ్చే చెకప్ దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకి చెప్పండి.