నీళ్ళు ఎటు పోతాయో ముందు చూడు

ఒరేయ్ నాన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను పెద్దది చేసుకుని నాలుగుసార్లు చూశాను. హాలూ, వంటిల్లూ, పడగ్గదులూ బాగానే ఉన్నాయి. వాటి సంగతి చూసుకోవడానికి ఆర్కిటెక్టు ఉన్నాడు, అమ్మాయి ఉంది, నేను వేలు పెట్టను. ఇంటి చుట్టూ ఉన్న ఖాళీకి మాత్రం ఆకుపచ్చ రంగు పూసి 'గార్డెన్' అని రాసి వదిలేశారు. అక్కడ పడిన వాన ఎటు పోతుందో ఒక్క బాణం గుర్తు కూడా లేదు.

మేం రెండు ఇళ్ళు కట్టాం. మీ మామయ్య పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోయేవారు కాబట్టి రోజంతా సైట్ మీద ఉన్నది నేనే. మొదటి ఇంట్లో జరిగిన తప్పులన్నీ ఒకసారి కాగితం మీద రాసుకున్నాను. ఒకటీ అరా తప్ప అన్నీ నీళ్ళ దగ్గరే తేలాయి. పోయాల్సిన చోట పోయలేదు, పోయకూడని చోట పోశారు, బయటికి పోవడానికి దారి వదల్లేదు. అందుకే ఈ ఉత్తరంలో నీళ్ళ గొడవే ఎక్కువ ఉంటుంది, విసుక్కోకు.

పునాది తవ్వకముందే, గట్టిగా వాన కురుస్తున్నప్పుడు గొడుగు వేసుకుని ఒకసారి స్థలానికి వెళ్ళు. పక్క స్థలం నీళ్ళు నీ స్థలంలోకి వస్తున్నాయా, ఏ మూల నిలుస్తున్నాయి, ఎంతసేపటికి ఇంకుతున్నాయి చూడు. ఫోటోలు తీసి ఇంజనీరుకి చూపించు. బేస్‌మెంట్ ఎత్తు అక్కడే తేల్చుకోవాలి. రోడ్డు కంటే అడుగున్నర, రెండడుగుల ఎత్తయినా ఉండేలా చూసుకో. వేసిన రోడ్డు మీదే మళ్ళీ రోడ్డు వేస్తుంటారు కాబట్టి అది పెరగడమే తప్ప తగ్గేది ఉండదు. ఇంటి గోడ నుంచి పది అడుగుల దూరం వెళ్ళేసరికి నేల ఆరంగుళాలైనా దిగాలి. ఈ వాటం ప్లానులో ఉంటేనే సైట్ మీదికి వస్తుంది. చివర్లో పారతో సర్దేద్దాంలే అన్నవాళ్ళెవరూ సర్దగా నేను చూడలేదు.

తవ్వకం మొదలయ్యే రోజు ఇంకో పని ఉంది, దీన్ని ఎవరూ నీకు చెప్పరు. పైనున్న ఆరేడు అంగుళాల మట్టిని విడిగా తీయించి ఒక మూల పోయించు. మొక్కకి కావలసిన సత్తువంతా ఆ పొరలోనే ఉంటుంది. పునాదుల్లోంచి వచ్చే అడుగు మట్టి అలాంటిది కాదు. మా మొదటి ఇంట్లో ఆ అడుగు మట్టినే తీసుకొచ్చి పెరడంతా పరిచేశారు, చూడ్డానికి శుభ్రంగానే ఉంది. ఇంట్లో చేరిన ఏడాదికి మొక్క పెడదామని గునపం వేస్తే టంగుమంది. తవ్వుతుంటే టైలు ముక్కలు, గట్టిపడిన సిమెంటు బస్తా ఒకటి, ఎవరిదో చెప్పు కూడా వచ్చాయి. ఆ గుంతలో మూడు మొక్కలు వరసగా చచ్చిపోయాయి. సిమెంటు కడిగిన నీళ్ళు పారిన చోట మట్టికి సున్నం గుణం వస్తుంది, ఆకులు పాలిపోతాయి, ఎన్ని ఎరువులు వేసినా తేరుకోవు. కాబట్టి మిక్సర్ ఎక్కడ కడగాలి, కంకర ఎక్కడ దింపాలి, లారీ ఏ దారిన రావాలి అన్నది మొదటి రోజే తాడు కట్టి చూపించెయ్. లారీ తిరిగిన నేల అణిగిపోయి రాయిలా అవుతుంది, అందులో నీళ్ళు ఇంకవు. స్థలంలో ముందు నుంచీ ఉన్న ఆ పెద్ద చెట్టుని ఉంచుకుంటామన్నావు కదా, దాని కొమ్మలు పరుచుకున్నంత మేర చుట్టూ కంచె కట్టించు. చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటుంది. దాని కింద ఇటుకలు దింపితే వెంటనే ఏమీ కనబడదు, రెండు మూడేళ్ళకి కొమ్మలు ఎండడం మొదలవుతుంది.

ఇక స్లాబ్ రోజు సంగతి చెబుతాను. మొదటి ఇంటికి స్లాబ్ వేస్తున్నప్పుడు పొద్దున్నుంచీ మిక్సర్ పక్కనే నిలబడ్డాను. మధ్యాహ్నం ఫోను వస్తే నాలుగడుగులు పక్కకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మాలు పలచగా జారిపోతోంది. నేనటు తిరగ్గానే మిక్సర్ దగ్గరున్న కుర్రాడు ఒక బకెట్ నీళ్ళు ఎక్కువ పోశాడు. ఏమిటయ్యా అంటే 'తొందరగా పరుచుకుంటుందమ్మా' అన్నాడు. వాణ్ణి ఏమంటాం, తట్ట మోసేవాడికి పలచటి మాలే సుఖం. సరిగ్గా ఆ మాలు పడిన వైపే, పిట్టగోడ పక్కన, నాలుగేళ్ళకి కప్పు చెమ్మగిల్లి ఉరవడం మొదలుపెట్టింది. ఎక్కువైన నీళ్ళు ఎండిపోతాయి, అవి ఉన్న చోట కంటికి కనబడని సన్న రంధ్రాలు మిగులుతాయి. బలం తగ్గేది అందుకే, తర్వాత వాన నీళ్ళు దిగేదీ ఆ దారినే. యాభై కిలోల బస్తాకి నీళ్ళు పాతిక లీటర్ల దగ్గర్లో ఉంటాయి, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. మీ ఇంజనీరు చేత కచ్చితమైన లెక్క రాయించుకుని, ఆ కొలతకి ఒక డబ్బా గుర్తు పెట్టి మిక్సర్ దగ్గర ఉంచు. పలచగా ఉంటే తప్ప మూలల్లోకి వెళ్ళదంటే, మాలుని అదిరించి సర్దే వైబ్రేటర్ మిషను తిప్పమను. ఐరన్ కింద కవర్ బ్లాకులు, అంటే ఐరన్‌ని అడుగుకి ఆనకుండా ఎత్తిపట్టే చిన్న దిమ్మలు, ఉన్నాయో లేదో మాలు పోయకముందే వంగి చూడు. ఐరన్‌ని కప్పి ఉండే కాంక్రీటు మందాన్నే కవరు అంటారు. స్లాబ్‌కి 20 మిల్లీమీటర్లు, పిల్లర్లకి 40, పిల్లర్ల అడుగున వేసే ఫుటింగులకి 50 సాధారణంగా ఉంచే కవరు. కవరు లేకపోతే ఐరన్‌కి తుప్పు పట్టి ఉబ్బుతుంది, అప్పుడు పెచ్చులు ఊడి పడతాయి.

క్యూరింగ్ దగ్గర, అంటే వేసిన కాంక్రీటుని రోజుల తరబడి తడిగా ఉంచే పని దగ్గర, మాత్రం కథ తలకిందులు, ఇక్కడ నీళ్ళకి పిసినారితనం చేస్తారు. కాంక్రీటు ఆరిపోయి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నీళ్ళతో కలిసి గట్టిపడేది, మధ్యలో ఎండితే ఆ పని అక్కడే ఆగిపోతుంది. మామూలు సిమెంటుకి ఏడు రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) లాంటివి కలిపిన సిమెంటుకి పది రోజులు తగ్గకూడదు, పధ్నాలుగు చేస్తే నిశ్చింత. స్లాబ్ మీద మడులు కట్టి నీళ్ళు నిలబెడతారు, అది కనబడుతుంది కాబట్టి జరుగుతుంది. పిల్లర్లకి గోనెపట్టాలు చుట్టి తడపాలి, అది ఎవరికీ గుర్తుండదు. కాంట్రాక్టు కాగితంలో 'క్యూరింగ్ ఎవరు చెయ్యాలి' అన్న వాక్యం ఉందేమో చూడు. మా కాగితంలో లేదు. మేస్త్రీ వాచ్‌మన్ చేస్తాడన్నాడు, వాచ్‌మన్ మేస్త్రీ చెప్పలేదన్నాడు. రెండో ఇంటికి ఆ ఒక్క పనికే విడిగా మనిషిని పెట్టుకున్నాను. ఇంటి మొత్తం మీద అంతకంటే పనికొచ్చిన ఖర్చు ఇంకోటి లేదనే అంటాను.

పైపుల దగ్గరికి వద్దాం. ప్లాస్టరింగ్‌కి ముందు గోడల్లోని పైపులకి ప్రెషర్ టెస్ట్ చేయించు. ప్రతి గోడనీ, ప్రతి గదినీ టేపు పక్కన పెట్టి ఫోటో తీసుకో, కరెంటు పైపులు కూడా అందులో పడాలి. పదేళ్ళ తర్వాత మేకు కొట్టాలన్నా ఆ ఫోటోలే దిక్కు. బాత్రూముల్లో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, తూము మూసి ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి కింద కప్పు చూడాలి. టైల్స్ వేశాక ఒక మగ్గు నీళ్ళు దూరపు మూల పోసి చూడు. అవి వాటంతట అవే తూము దాకా వెళ్ళాలి. తడిసే భాగంలో అడుగుకి పావంగుళం వాటం ఉంటే చాలు. మా పాత బాత్రూంలో తలుపు మూల దోసెడు నీళ్ళు ఎప్పుడూ నిలిచేవి. పంతొమ్మిదేళ్ళు రోజూ పొద్దున్నే వైపర్‌తో వాటిని తోశాను! ఆ మగ్గు పరీక్ష టైల్స్ మేస్త్రీకి డబ్బులిచ్చేముందు చెయ్యి, ఇచ్చాక చేస్తే వినేవాళ్ళుండరు.

బయటికి వెళ్ళే నాలుగంగుళాల మురుగు పైపుకి పది అడుగులకి ఒకటింపావు అంగుళం నుంచి రెండున్నర అంగుళాల వాటం ఉండాలి. వంపు తిరిగిన ప్రతి చోటా చాంబర్, అంటే మూత తీసి శుభ్రం చేసుకునే తొట్టి, కట్టించు. సెప్టిక్ ట్యాంకు ఉంటే దాని దగ్గరకి బండి వచ్చేలా దారి ఉంచు. మాకు తెలిసినవాళ్ళు అందం కోసం ట్యాంకు మూత మీద టైల్స్ వేయించేశారు, తర్వాత ఏం జరిగిందో నీ ఊహకే వదిలేస్తున్నా.

వాన లెక్క చిన్నదే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నీ డాబా వంద చదరపు మీటర్లు అనుకో, 50 మిల్లీమీటర్ల వానకి 5,000 లీటర్లు దిగుతాయి. అన్ని నీళ్ళకీ ఒకే పైపు పెట్టి, అది ఆకులతో మూసుకుపోతే డాబా చెరువే. రెండు మూడు చోట్ల దింపు, తూములకి జాలీలు పెట్టించు. ఆ నీళ్ళని మురుగు లైన్లో కలపొద్దు. ఇంకుడు గుంతకి పంపితే మంచిదే, కానీ అది పునాదికి పది అడుగులైనా అవతల ఉండాలి.

డబ్బు గురించి రెండు ముక్కలే. వేసుకున్న లెక్క మీద పది, పదిహేను శాతం విడిగా ఉంచి దాని మాట మర్చిపో. తేదీలని బట్టి కాకుండా పూర్తయిన పనిని బట్టి చెల్లించు, మధ్యలో మార్పులు నోటిమాటగా చెప్పకు. మెట్లన్నీ ఒకే ఎత్తు ఉండాలి, ఒక్కటి అరంగుళం తేడా వచ్చినా కాళ్ళు తడబడేది అక్కడే.

తోట పని ఇల్లు పూర్తయ్యాక కదా అంటావు. మొక్కలు పెట్టడం అప్పుడే, తొందరేం లేదు. కానీ కారు దారికి కాంక్రీటు వేయకముందే దాని కింద అడ్డంగా రెండు ఖాళీ పైపులు వేయించు. ఒకటి నీళ్ళకి, ఒకటి కరెంటుకి. పెరటికి ఒకటి, ముందు వైపు ఒకటి కుళాయి పెట్టించు. ఇవి మర్చిపోతే కొత్త దారిని పగలగొట్టాలి, మేం పగలగొట్టాం. నడిచే బాటలు వెంటనే వేయించకు. మూడు నాలుగు నెలలు కాపురం ఉంటే గేటు నుంచి, కుళాయి నుంచి, బట్టలు ఆరేసే చోటు నుంచి మీ కాళ్ళు ఎటు వెళ్తున్నాయో గడ్డి మీద తెలిసిపోతుంది. రాళ్ళు అక్కడ పరుచు. ఒక వానాకాలం గడిచాక ఏ మూల నీళ్ళు నిలుస్తాయో కూడా తేలుతుంది.

గోడకి ఆనించి మట్టి పోసి పూలమొక్కలు పెట్టాలన్న అమ్మాయి ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. రోజూ తడిపే మట్టి గోడకి తగిలితే ఆ చెమ్మ లోపలి రంగు దాకా వస్తుంది. మట్టి ఎప్పుడూ లోపలి గచ్చు కంటే ఆరంగుళాలు కిందే ఉండాలి. మొక్కలు రెండడుగులు ఇవతలికి జరిగితే అందం ఏమీ పోదు.

చెట్టు నాటేటప్పుడు చేతిలో ఉన్న మొక్కని చూడొద్దు, ఇరవై ఏళ్ళకి అయ్యే మానుని చూడు. మర్రి, రావి జాతివి ఇంటి దగ్గర అసలొద్దు. మీది నల్లరేగడి అన్నావు కాబట్టి ఇంకా జాగ్రత్త. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పెద్ద చెట్టు పునాది పక్కన తడి లాగేస్తే గోడలు బీటలిస్తాయి. చెట్టు పూర్తిగా ఎదిగితే ఎంత ఎత్తవుతుందో కనీసం అంత దూరంలో పెట్టు. వేళ్ళు మంచి పైపుని పగలగొట్టవు, కారుతున్న అతుకుని వెతుక్కుంటాయి. అందుకే పైపుల పని అంత చెప్పాను.

గుంత లోతు మొక్క వేళ్ళతో వచ్చే మట్టిముద్ద అంతే ఉండాలి, వెడల్పు మాత్రం దానికి రెండు మూడింతలు. కాండం కింద వెడల్పై వేళ్ళుగా విడిపోయే చోటు మట్టి పైకి కనబడాలి, లోతుగా పాతితే కుళ్ళుతుంది. ఎండుటాకులు రెండు మూడంగుళాలు పరిచి, కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదులు. రోజూ చెంబెడు కాకుండా, ఆగి ఆగి లోతుగా తడిసేలా పొయ్యి. పచ్చిక పిల్లలు ఆడుకునేంత మేరే చాలు. అది నీళ్ళు తాగుతుంది, నీ ఆదివారాలు కూడా తాగుతుంది.

ఆ ప్లాను మీద నీళ్ళ దారులు బాణాలతో గీయించి మళ్ళీ పంపు. స్లాబ్ తేదీ వారం ముందే చెప్పు, నేను వస్తాను. మిక్సర్ పక్కన నీడలో ఒక కుర్చీ వేయించు, ఈసారి ఫోను నీ చేతికిచ్చి కూర్చుంటాను.

ఆశీస్సులతో,
అత్తయ్య