ఎక్కువ అమ్మేవాళ్లకే ఆన్‌లైన్ సైట్లు పెద్దపీట వేయడం సరైనదేనా?

అడిగినవారు విజయనగరంలో ఉంటారట. మట్టి కుందులకు రంగులు వేసి ఆన్‌లైన్‌లో అమ్ముతారట, నెలకు పది ఆర్డర్లు కూడా రావట. "మొదటి పేజీ పెద్ద సెల్లర్లకే, తక్కువ ఛార్జీలు వాళ్లకే. సరదాకి చేసి అమ్ముకునే మాలాంటివాళ్లకి చోటు లేదా? ఇది న్యాయమేనా?" అన్నది ప్రశ్న.

నేను ఈ గోడకు రెండు వైపులా ఉన్న మనిషిని, అందుకని ఒక్క ముక్కలో చెప్పలేను. మాది పలాస-కాశీబుగ్గ. పగలు ఒక జీడిపప్పు సావుకారి దగ్గర ఆన్‌లైన్ ఆర్డర్లు చూస్తాను. రాత్రి వంటపని అయ్యాక క్రోషియా అల్లుతాను. ఎక్కువగా గుమ్మం తోరణాలే. అవి నా పేరు మీదున్న వేరే అకౌంట్‌లో అమ్ముతాను. రెండు అకౌంట్లూ ఒకే సైటులో ఉన్నాయి. సైటు పేరు చెప్పను, ఇప్పటికీ అక్కడే అమ్ముకుంటున్నాను కదా.

ముందు సావుకారి తరఫున మాట్లాడతాను. సీజన్‌లో మాకు రోజుకు మూడొందల ఆర్డర్లు వస్తాయి. గుండు పప్పులో డబ్ల్యూ 240, 320 అనే సైజులు, తర్వాత బద్ద, ముక్క, ఏదానికది పావుకిలో నుంచి కిలో దాకా ప్యాకెట్లు. మధ్యాహ్నం రెండింటికల్లా లేబుళ్లు అంటించేయాలి, నాలుగింటికి కొరియర్ వ్యాన్ వస్తుంది. డ్రైవరు ఒక్కచోట బండి ఆపి, మూడొందల ప్యాకెట్లు ఎక్కించుకుని పోతాడు. అదే మా ఇంటికైతే ఒక్క తోరణం కోసం కుర్రాడు బైకు మీద సందులోకి రావాలి, పక్కింటివాళ్ల కుక్కని తప్పించుకోవాలి. "ఏటక్కా, ఇదొక్కటేనా?" అంటాడు పాపం. ఈ రెండింటికీ ఒకే కొరియర్ రేటు వేయమని అడగడానికి నాకే మొహం చెల్లదు. టోకు బేరానికి రేటు తగ్గడం మనకేం కొత్త కాదు. కాశీబుగ్గలో బస్తా కొన్నవాడికీ పావుకిలో కొన్నవాడికీ ఒకే ధర ఎవడూ చెప్పడు.

ఇంకో సంగతి. నాకు ఎక్కువ ఛార్జీ పడిన కొన్నిసార్లు తప్పు సైటుది కాదు, నా తెలివితక్కువది. కొరియర్‌వాళ్లు కాటా బరువు ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె కాటా బరువు కంటే ఎక్కువైతే ఆ కిలోలకే డబ్బులు. నా తోరణం పావుకిలో కూడా ఉండదు. కుచ్చులు నలగకూడదని 40, 30, 10 కొలతల పెట్టెలో పెట్టి పంపాను. లెక్కేస్తే 2.4 కిలోలు! మొదటి మూడు తోరణాల డబ్బూ గాలిని మోయించడానికే సరిపోయింది. ఇప్పుడు పల్చగా మడిచి ప్లాస్టిక్ కవర్లో పంపుతున్నాను. కుచ్చులు కాస్త నలుగుతాయి, తడిగుడ్డ కింద ఇస్త్రీ చేసుకోమని చీటీ రాసి పెడతాను.

2018 వేసవిలో టెక్కలిలో మేనకోడలి పెళ్లికి వెళ్లి వారం ఉండిపోయాను. మనం ఊళ్లో లేనప్పుడు కొత్త ఆర్డర్లు రాకుండా ఆపే హాలిడే మోడ్ అని ఒకటి అకౌంట్‌కి ఉంటుందని అప్పటికి తెలీదు. హైదరాబాద్ ఆవిడెవరో గృహప్రవేశానికి తోరణం ఆర్డర్ పెట్టి, రోజూ మెసేజ్ పెడుతూనే ఉంది. ముహూర్తం దాటిపోయాక చూసుకున్నాను. సావుకారి దగ్గర అలా జరగనివ్వరు. కొనేవాళ్లకి మన సరదాతో పనేముంది? డబ్బిచ్చారు, వస్తువు కావాలి. కాబట్టి సైటువాళ్లు నమ్మకంగా పంపేవాళ్లను ముందు చూపిస్తామంటే నేను కాదనను.

ఇక నా బాధ. అదే ఏడాది అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చింది. 11వ తేదీ తెల్లవారుజామున మా తీరానే దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పోయాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మాకు రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు, దారి పొడవునా చెట్లు. సరిగ్గా దసరా ముందు. నా దగ్గర ఐదు తోరణాల ఆర్డర్లున్నాయి. రెండు తుఫానుకి ముందే వెళ్లిపోయాయి, మూడు ఇంట్లో ఉండిపోయాయి. సావుకారి గోదాంలో అయితే ప్యాక్ చేసిన సరుకు గుట్టగా పడి ఉంది.

సావుకారి అబ్బాయి బండేసుకుని సిగ్నల్ దొరికేదాకా శ్రీకాకుళం వైపు పోయి, వాళ్ల అకౌంట్ మేనేజర్‌కి ఫోన్ చేశాడు. పెద్ద సెల్లర్లకి ఒక మనిషిని ఇస్తారు, పేరూ నంబరూ ఉన్న మనిషి. ఆయన అవతల ఏదో నొక్కాడు, ఆ వారం ఆలస్యాలేవీ సావుకారి లెక్కలో పడలేదు. నాకు మనిషి లేడు, చాట్ పెట్టె ఉంది. ఫోన్ పనిచేశాక "తుఫాను వచ్చింది, కరెంటు లేదు" అని రాస్తే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, సకాలంలో పంపడానికి చిట్కాలు ఇవిగో" అని ఒక లింకు వచ్చింది. ఐదింట్లో మూడు ఆలస్యం, అంటే 60 శాతం. అకౌంట్ ఆపేశారు.

తిరిగి తెరవాలంటే ఒక లెటర్ రాయాలన్నారు. సమస్యకు మూలకారణం ఏమిటి, మళ్లీ జరగకుండా మీరు తీసుకునే చర్యలేమిటి? నేను ఆ ఫారం సావుకారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చదివి, "తుఫాను మళ్లీ రాకుండా నువ్వేటి చేస్తావమ్మా?" అన్నాడు. ఆ ఇంట్లో తుఫాను తర్వాత అందరూ నవ్వింది అప్పుడేననుకుంటాను. చివరికి ఆయన అబ్బాయే ఇంగ్లీషులో ఏదో రాసి పెట్టాడు. డిసెంబర్‌లో తెరిచారు. దసరా పోయింది, దీపావళీ పోయింది.

ఊరు ఒకటే, తుఫాను ఒకటే, పిన్‌కోడ్ కూడా ఒకటే. పెద్ద సెల్లర్‌కి రేటు తగ్గించండి, నేనేమీ అనను. కానీ తుఫాను మినహాయింపుకి టోకు లెక్క ఎందుకు?

అసలు చిక్కు శాతాల్లో ఉందని నాకు అప్పటినుంచే తెలిసొచ్చింది. అమెజాన్ తన సెల్లర్లకి పెట్టిన కొలతల్లో డిఫెక్ట్ రేటు అని ఒకటి ఉంది, అంటే కొన్నవాళ్ల ఫిర్యాదులతో చెడిన ఆర్డర్ల శాతం. అది 1 శాతం లోపు ఉండాలి. 60 రోజుల ఆర్డర్లు చూసి లెక్కేస్తారు. నేను అమ్మే సైటు అది కాదు, అయినా కొలబద్ద ఇంచుమించు అలాంటిదే. ఈ లెక్కలో ఒక్క ఆర్డర్ చెడినా 1 శాతం లోపు ఉండాలంటే ఆ 60 రోజుల్లో కనీసం 101 ఆర్డర్లు అమ్మి ఉండాలి. ఒక తోరణం అల్లడానికి నాకు నాలుగు రాత్రులు పడుతుంది. 101 తోరణాలంటే 404 రాత్రులు. అరవై రోజుల్లో నాలుగొందల రాత్రులు ఎక్కడినుంచి తేవాలి? సావుకారేమో నెలకు తొమ్మిది వేల ఆర్డర్లలో ఎనభై చెడగొట్టినా పచ్చరంగులోనే ఉంటాడు. ఎనభైమంది కొన్నవాళ్లు తిట్టుకుంటున్నా సరే, తెర మీద మాత్రం "అద్భుతం" అనే ఉంటుంది. ఆ తెర నేను రోజూ చూస్తాను కాబట్టి చెబుతున్నాను.

చెడిన ఆ ఒక్కటైనా నా తప్పేనా అంటే, అదీ చెప్పలేం. మరుసటి ఏడాది ఒక తోరణం "రంగు తేడా" అని వాపసు వచ్చింది. కవరు విప్పితే పసుపు వాసన. ఎడమవైపు మూడో కుచ్చుకి పసుపు, దాని పక్కన కుంకుమ బొట్టు, పైన కట్టే ముడిలో మామిడాకు తొడిమ ఇరుక్కుని ఉంది. ఎవరింట్లోనో శుభకార్యం చక్కగా జరిగిపోయిందన్నమాట. ఫోటోలు తీసి పెట్టాను. "వాపసు గడువు లోపలే వచ్చింది" అన్నారు. డబ్బు వెనక్కి, రెండువైపులా కొరియర్ నా నెత్తిన, నా లెక్కలో ఒక వాపసు. మూడుసార్లు ఉతికాను, పసుపు పోలేదు. దాన్ని మా పెరటి గుమ్మానికి కట్టేశాను.

చట్టం ఏమంటుందో కూడా కొంచెం చెబుతాను, ప్రశ్నలో "న్యాయమేనా" అని ఉంది కాబట్టి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, సరుకుల్ని, సెల్లర్లని ఏ లెక్కన ముందూ వెనకా చూపిస్తున్నారో సైట్లు వివరించాలి. ఒకే రకం సెల్లర్ల మధ్య తేడా చూపిస్తే ఆ తేడా ఏమిటో షరతుల్లో రాయాలి. గమనించండి, తేడా చూపించకూడదని లేదు, దాచకూడదని ఉంది. విదేశీ పెట్టుబడి ఉన్న సైట్లకి 2019 ఫిబ్రవరి నుంచి ఇంకో షరతు ఉంది, గోదాం, డెలివరీ, ప్రకటనల లాంటి సేవలు సెల్లర్లందరికీ వివక్ష లేకుండా ఇవ్వాలని. కానీ "ఒకేలాంటి పరిస్థితుల్లో" అన్న మాట అందులో ఉంది. మూడొందల ప్యాకెట్ల గోదామూ, కుక్క ఉన్న మా సందూ ఒకేలాంటి పరిస్థితులు అని ఎవరు ఒప్పుకుంటారు? సైటువాళ్లు తమకు కావలసిన సెల్లర్లనే ముందుకు తోస్తున్నారన్న ఫిర్యాదు వేరే సంగతి. దాని మీద 2020 జనవరిలో, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై విచారణకు ఆదేశించింది. కష్టపడి పెద్దవాడైన సెల్లర్‌కీ, దగ్గరవాడు కాబట్టి పెద్దవాడైన సెల్లర్‌కీ తేడా ఉంది, కలపకండి.

చిన్నవాళ్లకి అడ్డం సైట్లే అనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. జీఎస్టీ వచ్చిన కొత్తలో ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మాలంటే ఎంత చిన్న అమ్మకమైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒక్క తోరణం అమ్మని నెలకి కూడా రిటర్న్, అంటే పన్ను లెక్క, వేయాలి, ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల జరిమానా. 2023 అక్టోబర్ 1 నుంచి పరిమితి లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకి ఆ బెడద తప్పించారు, కానీ సొంత రాష్ట్రంలోనే అమ్మాలి. మాకు విశాఖ కంటే బరంపురం దగ్గర. అది ఒడిశా, అమ్మకూడదు. నా ఆర్డర్లలో సగం హైదరాబాద్‌వి, అదీ వేరే రాష్ట్రమే. అందుకని రిజిస్ట్రేషన్ అలాగే ఉంచుకుని, రిటర్నులు వేసుకుంటూ కూర్చున్నాను.

ఈ గొడవ మనతో మొదలైందీ కాదు. 1995లో ఈబే మొదలైనప్పుడు అమ్ముడైన మొదటి వస్తువు చెడిపోయిన లేజర్ పాయింటర్ అని చెబుతారు. ఇళ్లలో మూలపడిన సామాను అమ్ముకునేవాళ్లతో పెరిగిన సైటు అది. 2008కి వచ్చేసరికి పెద్ద సెల్లర్లకి ఫీజులో తగ్గింపులు పెట్టింది. కొత్త ఫీజుల మీదా రేటింగుల మీదా కోపంతో కొందరు సెల్లర్లు అమ్మకాలు ఆపి నిరసన తెలిపారు. చేతిపనుల సైటు ఎట్సీలో ఇంకో పద్ధతి ఉంది. వాళ్లు బయట వేసే ప్రకటన ద్వారా సరుకు అమ్ముడైతే, ఏడాదికి పది వేల డాలర్లు దాటిన దుకాణం 12 శాతం కట్టాలి, దాటనిది 15 శాతం. కానీ చిన్న దుకాణం వద్దనుకుంటే ఆ ప్రకటనలోంచి తప్పుకోవచ్చు, పెద్దది తప్పుకోలేదు. రేటులో పెద్దవాడికి లాభం, ఇష్టాయిష్టాల్లో చిన్నవాడికి వెసులుబాటు. నాకిది ఫర్వాలేదనిపిస్తుంది.

మా సావుకారు కూడా మొదటి నెలలో ఏడు ఆర్డర్లే చూశాడు. అప్పట్లో సైటువాళ్లకి సెల్లర్లు కావాలి, కొత్తవాళ్లని వాళ్లే పైకి తెచ్చి చూపించేవారు. "ఇప్పటి లెక్కలు అప్పుడుంటే నేను రెండో నెల చూడకపోదును" అని ఆయనే అంటాడు. నా మటుకు, ఒకరికి యాభై ఆర్డర్లు దాటేదాకా శాతాలు పక్కనపెట్టి, ఏడాదిలో ఎన్ని చెడ్డాయో, ఎందుకు చెడ్డాయో చూస్తే చాలు. దానికి ఒక మనిషి కావాలి, మనిషికి జీతం కావాలి, అందుకే చేయరు.

మీ కుందుల విషయానికొస్తే, అవి మట్టివి, పగిలితే వాపసు. నాలుగు కలిపి సెట్టుగా పెట్టండి, విడివిడిగా పంపితే కొరియర్‌కే పోతుంది. పెట్టెలో గాలి ఎంత తగ్గితే అంత మంచిది. ప్యాక్ చేసేటప్పుడు ప్రతిదానికీ ఫోటో తీసి, ఆర్డర్ నంబరు కనిపించేలా దాచుకోండి. కార్తీకమాసం ముందు ఆర్డర్లు పెరుగుతాయి కదా, స్టాకు ఎన్ని ఉంటే అన్నే చూపించండి, తర్వాత చేసి పంపుదాంలే అని ఎక్కువ పెట్టొద్దు. మీ పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో కొరియర్ కుర్రాడు ఊళ్లోకి రాగలడో లేదో ముందే కనుక్కుని, అనుమానముంటే హాలిడే మోడ్ పెట్టేయండి. సెట్టింగుల్లో కింద ఎక్కడో ఉంటుంది, వెతకాలి.