బేరం కుదిరాక బండి మీద అప్పు బయటపడింది, అడ్వాన్సు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది చంద్రగిరి. మా అబ్బాయి ఇంటింటికీ భోజనం అందించే పనిలో చేరాడు. వాడి కోసం తిరుపతిలో పాత బండ్ల డీలరు దగ్గర 2019 మోడల్ మోటార్ సైకిల్ చూశాం. 68 వేలు చెప్పాడు. గంటసేపు బేరమాడితే 58 వేలకు ఒప్పుకున్నాడు. యూపీఐలో 10 వేలు అడ్వాన్సు కట్టాం. 'అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు' అని అచ్చువేసిన చీటీ చేతికిచ్చాడు. అంతకు ముందే 'సింగిల్ ఓనర్, పేపర్లు క్లియర్' అని వాట్సాప్‌లో పంపాడు. ఇంటికి వచ్చి ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే ఇప్పటి యజమాని వరుసలో మూడో ఓనరు. బండి ఒక ఫైనాన్స్ కంపెనీకి తాకట్టులో ఉన్నట్టు కూడా చూపిస్తోంది. అడిగితే 'పది వేలు తగ్గించాను కదా, ఆ ధరకు అలాంటి బండే వస్తుంది. పైగా 18 శాతం జీఎస్టీ వేరే' అంటున్నాడు. మా డబ్బు వస్తుందా? లేక బండి తీసుకోవడమే మేలా?

జవాబు: మీ డబ్బు తిరిగి అడిగే హక్కు మీకు ఉంది. బండిని ఇంకా ఇంటికి తెచ్చుకోలేదు, అదీ మంచిదైంది. మీ బలమంతా ఆ వాట్సాప్ సందేశమే. అది వచ్చిన ఫోను మార్చకండి, అందులో ఏదీ చెరపకండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాం కదా అని ఊరుకోవద్దు. కేసు దాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫోను మీ చేతిలో ఉంటే ఆ పని సులువవుతుంది.

బేరంలో దొర్లే మాటలన్నిటినీ చట్టం ఒకేలా చూడదు. 'బండి బంగారం, కళ్లు మూసుకుని తీసుకోండి' అనడం అమ్మేవాళ్ల పొగడ్త. దాన్ని పట్టుకుని కోర్టుకు వెళితే నిలబడదు. 'ఒకే ఓనరు', 'అప్పు లేదు', 'ప్రమాదం కాలేదు' అన్నవి మాత్రం నిజమో అబద్ధమో తేల్చగలిగే మాటలు. అబద్ధమని తెలిసీ అలాంటి మాట చెప్పి డబ్బు కట్టించుకుంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ దాన్ని మోసం అంటుంది. 19వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పందాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు. అప్పుడు 'తిరిగి ఇవ్వబడదు' అన్న అచ్చు అక్షరాలు ఆయనను కాపాడవు. మీరే మనసు మార్చుకుని బండి వద్దనుకుని ఉంటే సంగతి వేరు. అప్పుడు కూడా అడ్వాన్సులో న్యాయమైన మేరకే డీలరు ఉంచుకోవాలని 74వ సెక్షన్ చెబుతుంది.

'యాప్‌లో ముందే చూసుకోవలసింది' అని డీలరు తప్పకుండా వాదిస్తారు. ఆ వాదనకు చట్టంలో కొంత చోటు ఉంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలున్నప్పుడు, అమ్మేవారు నోరు విప్పలేదన్న కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకోలేమని 19వ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. మీ డీలరు ఊరుకోలేదు, 'సింగిల్ ఓనర్' అని రాసి పంపారు. తెలిసి చెప్పిన అబద్ధానికి ఆ మినహాయింపు వర్తించదు. నోటిమాటగా అని ఉంటే నేను ఇంత ధైర్యంగా చెప్పగలిగేవాడిని కాదు.

ధర తగ్గించినంత మాత్రాన నిజం దాచే హక్కు ఎవరికీ రాదు. జీఎస్టీ మాటకూ లొంగకండి. పాత బండ్ల వ్యాపారి కట్టవలసిన 18 శాతం ఆయన లాభం మీదే. 50 వేలకు కొని 58 వేలకు అమ్మితే 8 వేల మీద పన్ను 1,440 రూపాయలు. మొత్తం ధర మీద లెక్కేస్తే 10,440 అవుతుంది. ఆయనకు జీఎస్టీ నమోదు లేకపోతే పన్ను పేరుతో రూపాయి కూడా వసూలు చేయకూడదు. బిల్లు అడగండి.

తాకట్టు సంగతి తేలిగ్గా తీసుకోకండి. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఆర్‌సీలో పేరు మారదు. అప్పు తీరిపోయినా ఆ నమోదు తీయించుకోని వాళ్లు చాలామంది ఉంటారు. ఇదీ అలాంటిదే కావచ్చు. అది నిరూపించవలసింది డీలరు. ఫైనాన్స్ కంపెనీ సంతకంతో ఫారం 35 (ఆర్‌సీలో తాకట్టు నమోదు తీసేయించే ఫారం), అప్పు తీరినట్టు లేఖ చూపించమనండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ అధికారపత్రం ఉండాలి. యజమాని బండి అప్పగించినట్టు ఫారం 29సీ కూడా నమోదు కావాలి. అవి లేకుండా పేరు మార్పుకు వాడే ఫారాలు 29, 30 ఎవరో సంతకం చేసి ఖాళీగా ఉంచినవి చూపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

బండి అబ్బాయికి బాగా నచ్చిందనుకుందాం. అప్పుడు ధరను మళ్లీ మొదటి నుంచి మాట్లాడండి. మూడో ఓనరు బండికి మొదటి ఓనరు బండి ధర ఇవ్వనక్కరలేదు. హ్యాండిల్ ఒక పక్కకు తిప్పి, స్టీరింగ్ పైపు మీద గ్రీజు గుడ్డతో తుడిచి, టార్చి వేసి ఛాసిస్ నంబరు చూడండి. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. ఆర్‌సీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ వేలితో సరిచూడండి. ఎక్కడైనా రాకినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే ఎంత తగ్గించినా వద్దు. పెండింగు చలానాలు ఎవరు కట్టాలి, పేరు ఏ తేదీలోపు మారాలి, మారకపోతే డబ్బు ఎప్పుడు తిరిగి ఇవ్వాలి, ఇవన్నీ కాగితం మీద రాయించి సంతకం, షాపు ముద్ర వేయించండి. ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా సొమ్ము ఇవ్వండి. బండి తీసుకున్న 14 రోజుల్లో బీమా కూడా మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి. లేకపోతే బండి పోయినా దెబ్బతిన్నా మీకు పరిహారం రాకుండా పోవచ్చు.

వద్దనుకుంటే, ఏ అబద్ధాలు చెప్పారో, ఒప్పందాన్ని ఎందుకు రద్దు చేసుకుంటున్నారో రాసి, 15 రోజుల్లో 10 వేలు తిరిగి ఇవ్వమని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మీరే రాసినా చెల్లుతుంది. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తర్వాత తిరుపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు సొమ్ముకు రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. 'బండి వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారులు కారు' అని డీలరు అడ్డుపడవచ్చు. సొంత కష్టంతో బతకడానికి కొనుక్కున్నది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే చెబుతోంది. మీ అబ్బాయి పని సరిగ్గా అదే.

ఈలోగా 'బండి తీసుకెళ్లండి, కాగితాలు తర్వాత చూద్దాం' అని డీలరు ఫోన్ చేస్తే ఒప్పుకోకండి. నిజం తెలిశాక కూడా బండి తీసుకుంటే, ఆ ఒప్పందానికి మీరు మళ్లీ ఒప్పుకున్నట్టే లెక్క. రద్దు చేసుకునే హక్కు అక్కడితో పోతుంది.