పుస్తకం అమ్ముడుపోకపోతే రచయిత ఓడిపోయినట్టేనా?

అమ్మకాలు కాకపోతే రచయిత తన విజయాన్ని దేనితో కొలుచుకోవాలని అడిగారు. నా వరకు కొలత ఒక్కటే. ఎవరి బతుకు రాశానో వాళ్ల చెవిన ఆ కథ పడాలి. విన్నాక వాళ్లు ఊరుకోకూడదు.

మాది నారాయణపేట వైపు. వానలు పడని ఏడాది కూలికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి ముంబై, పుణె బస్సెక్కడం మా దగ్గర తరాలుగా ఉన్నదే. నా మొదటి సంపుటిలో అలా మిగిలిపోయిన పిల్లవాడి కథ ఒకటుంది. సొంత డబ్బుతో 500 కాపీలు వేశాను, సగానికి పైగా పంచిపెట్టినవే. అందులో ఒకటి మక్తల్‌లో ఇంటర్ చదివే అబ్బాయి చేతికి చేరింది. చదువు రాని వాళ్ల అవ్వకు కథ చదివి వినిపించి, నాకు ఫోన్ కలిపి ఆమెకిచ్చాడు.

"ఏం బిడ్డా, బస్సు పోయినంక పొల్లగాడు గడపల కూసున్నడని రాసినవంట. కూసోడు. అమ్మ ఇడిసిన చీర కప్పుకొని మూలకు పండుకుంటడు. లేపితే జరమొచ్చిందంటడు."

కథ బాగుందని గానీ బాగాలేదని గానీ ఆమె అనలేదు. వాడు పక్కింట్లోనే ఉన్నట్టు చాలాసేపు వాడి గురించే మాట్లాడింది. శాలువాలు నాకూ కప్పారు, ఏ సభా ఆ ఫోన్‌కి సాటి రాదు. ఆ చీర నా తర్వాతి కథలోకి వచ్చింది.

మన ఉమ్మడి పాలమూరు మనిషి, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారినే చూడండి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి, 354 మందిని చూపించారు. అదెన్ని కాపీలు పోయిందని ఇవాళ ఎవరూ అడగరు. అది లేకపోతే వాళ్లలో ఎందరి పేర్లు మనదాకా వచ్చేవి? ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో వచ్చింది, అప్పటికే ఆయన పోయి రెండేళ్లు.

డబ్బు అక్కర్లేదని కాదు. ప్రెస్ బిల్లు కట్టాలి, డీటీపీ వాళ్లకివ్వాలి. ఆ టెన్షన్ ఎవరికైనా ఉండేదే, కానీ కథ విలువ దాంతో తేల్చకండి. కొన్ని కాపీలు దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి, మీ ఊరి హైస్కూలుకి ఇవ్వండి. చదువు రాని వాళ్లకు మీరే చదివి వినిపించండి. మధ్యలో ఎవరైనా ఆపి "అట్ల కాదు" అంటే, అప్పటికప్పుడే రాసుకోండి.