పెట్ స్కాన్ బొమ్మను లెక్కగట్టే పద్ధతి మారిస్తే, తిరగబెట్టిన ప్రోస్టేట్ క్యాన్సర్ మరింత బాగా కనిపిస్తుందా?

కనిపిస్తుంది, ముఖ్యంగా కొన్ని మిల్లీమీటర్ల చిన్న మచ్చల విషయంలో. స్కానర్ నేరుగా ఫొటో తీయదు. ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు వల్ల ఎదురెదురు దిక్కుల్లో వెలువడే గామా కిరణాల జంటలను పట్టుకుంటుంది. వాటి నుంచి కంప్యూటర్ బొమ్మ కడుతుంది. పాత లెక్కలో చిన్న చుక్క వెలుగు చుట్టూ అలుక్కుపోతుంది. కొత్త పద్ధతులు ఆ మసకను సరిదిద్దుతాయి, రెండు కిరణాలు చేరిన సమయంలో తేడానూ వాడుకుంటాయి. ఉదాహరణకు, ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ జాడ కోసం చేసే రక్తపరీక్ష అంకె) 0.3 ఉన్నప్పుడు, కటి భాగంలో మసగ్గా కలిసిపోయిన 4 మి.మీ. లింఫు గ్రంథి విడి చుక్కగా తేలవచ్చు. అయితే ఉత్త నాయిస్ (కొలతలో వచ్చే అడ్డదిడ్డపు హెచ్చుతగ్గులు) కూడా ఒక్కోసారి చుక్కలా మెరుస్తుంది, అది డాక్టరే తేల్చాలి.

చాలామంది పొరబడేది ఎస్‌యూవీ దగ్గర, అంటే మచ్చ ఆ మందును ఎంతగా పీల్చుకుందో చెప్పే అంకె దగ్గర. ఆ అంకె పెరగగానే క్యాన్సర్ పెరిగిందని టెన్షన్ పడతారు. కానీ అదే డేటాను కొత్త పద్ధతిలో లెక్కించినా అంకె పెరగొచ్చు. రెండు స్కాన్లను ఒకే పద్ధతిలో లెక్కించాకే పోల్చాలి.