క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ కలిసిపోతుంటే
తమ్ముడూ, క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ రెండూ పేగు వాచి పుండ్లు పడే జబ్బులే కదా, ఎన్నిసార్లు చదివినా పరీక్షలో క్రోన్స్ లక్షణాలు అల్సరేటివ్ కొలైటిస్‌కి రాసేస్తున్నానన్నావు. కోనసీమ వాడివేగా, గోదావరిని తలుచుకో. మొగ దగ్గర సముద్రపు పోటు నీరు తెగకుండా పైకి ఎక్కుతుందే, అల్సరేటివ్ కొలైటిస్ అంతే: పురీషనాళంలో మొదలై పెద్దపేగులో ఎడం లేకుండా పైకి పాకుతుంది. సాధారణంగా పేగు గోడ లోపలి పొరలు దాటదు.

క్రోన్స్ మన లంకల్లాంటిది. ఇక్కడో మచ్చ, అక్కడో మచ్చ, మధ్యలో మంచి పేగు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, చిన్నపేగు చివర ఎక్కువ. గోడ మందమంతా తినేస్తుంది కాబట్టే ఫిస్టులాలు, అంటే పేగు నుంచి పక్క అవయవాల్లోకో చర్మం మీదికో పడే దొంగదారులు.

గ్రాన్యులోమా (రోగనిరోధక కణాలు గుమిగూడిన చిన్న ముద్ద) అనగానే క్రోన్స్ అని రాసేయకు. పేగు టీబీలోనూ అది ఉంటుంది, పైగా టీబీ కూడా ఆ చిన్నపేగు చివరనే పట్టుకుంటుంది. కేసియేషన్, అంటే ఆ ముద్ద మధ్యలో కణజాలం చచ్చి జున్నులా మారడం, కనిపిస్తే టీబీ వైపు మొగ్గు. వైవాలో (నోటి పరీక్షలో) నేను దొరికిపోయింది సరిగ్గా అక్కడే!