మార్ఫిన్ చీటీ ఉన్నా మెడికల్ షాపుల్లో మందు ఎందుకు ఇవ్వడం లేదు?

నాన్నగారికి క్యాన్సర్ నొప్పులకి మార్ఫిన్ రాశారు, ఒంగోలులో ఏ షాపులోనూ ఇవ్వలేదు, చట్టం ఒప్పుకోదా అని అడిగారు. ఒప్పుకుంటుంది. ముందు ఆ అనుమానం వదిలేయండి.

మాది కందుకూరు పక్కన పల్లె. 2019లో మా అమ్మకి క్యాన్సర్ ఎముకలకి పాకింది. చెన్నైలో డాక్టర్ మార్ఫిన్ మాత్రలు నాలుగు గంటలకొకటి రాశారు. రెండో రోజుకే అమ్మ లేచి కూర్చుని పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పింది. నెల తిరిగేసరికి నేను లెక్క తప్పాను, శనివారం సాయంత్రానికి రెండే మిగిలాయి. చీటీ ఫోటో ఫోన్లో పెట్టుకుని బండి మీద కందుకూరు, కావలి, నెల్లూరు తిరిగాను. కావలిలో ఒకాయన "ఆ పేరు మెల్లిగా అను అబ్బయ్యా" అన్నాడు. నేనేదో దొంగసరుకు అడిగినట్టు! ఆ రాత్రి పక్కింటివాళ్లకి వినపడకూడదని అమ్మ పమిట చెంగు నోట్లో కుక్కుకుంది.

సోమవారం మొదటి రైలుకి చెన్నై వెళ్తే ఆస్పత్రి మందుల కౌంటర్లో ఆయన ఓపిగ్గా చెప్పాడు. మత్తుమందుల చట్టం 1985 నాటిది, అప్పట్లో ఆస్పత్రి మార్ఫిన్ తెచ్చుకోవాలంటే రకరకాల లైసెన్సులు కావాలి, అందుకే చాలామంది ఆ జోలికే పోలేదు. 2014లో చట్టం మార్చి మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ లాంటి ఆరు మందుల్ని తప్పనిసరిగా అందాల్సినవిగా విడదీశారు. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఒక్కటి ఉంటే ఆస్పత్రి వాటిని ఉంచుకోవచ్చు, కాకపోతే నొప్పి వైద్యంలో శిక్షణ పొందిన డాక్టర్ ఉండాలి, ప్రతి మాత్రకీ లెక్క రాయాలి. బజారు షాపులవాళ్లు ఈ లెక్కలకి భయపడి అసలు తెప్పించరు. ట్రమడాల్ అనే ఇంకో నొప్పి మందు కూడా 2018లో ఈ చట్టం కిందకి వచ్చింది, దానికీ కొందరు ముఖం తిప్పుకుంటున్నారు.

కాబట్టి షాపుల చుట్టూ తిరగొద్దు. క్యాన్సర్ వైద్యం చేసే ఆస్పత్రికి వెళ్లి, మార్ఫిన్ ఇచ్చే గుర్తింపు ఉందా అని నేరుగా అడగండి. చీటీ ఒరిజినల్ పట్టుకెళ్లండి, ఫోటో పనికిరాదు. పేరు, అడ్రసు, తేదీ, డోసు, మొత్తం ఎన్ని మాత్రలు, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు అన్నీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. మా డాక్టర్ రాత నాకే అర్థం కాలేదు, ఇలాంటి మందుకైనా అక్షరాలు విడివిడిగా రాయొచ్చు కదా. విరేచనం సాఫీగా అవడానికి మందు రాయకపోతే అడిగి మరీ రాయించుకోండి, మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు, దాంతో అమ్మ నొప్పికన్నా ఎక్కువ అవస్థ పడింది.

ఇక చుట్టాలు వస్తారు. "మత్తుకి అలవాటు పడిపోద్ది" అని మా పెదనాన్న మాత్రల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేయబోయాడు. నొప్పితో అల్లాడే మనిషికి డాక్టర్ చెప్పిన లెక్కలో ఇస్తే అది మందే, మత్తు కాదు. ఈ మాట మీద నేను ఎవరితోనైనా పోట్లాడతాను.

ఇంకో పది రోజులకి సరిపడా ఉండగానే మళ్లీ బయల్దేరండి. అమ్మ పోయాక పద్నాలుగు మాత్రలు మిగిలాయి. తీసుకెళ్లి ఆ కౌంటర్లోనే అప్పగించి, లెక్క పుస్తకంలో సంతకం పెట్టి వచ్చాను.